బ్రోషర్‌లో ఏడు దేశాలు

ఒకసారి యూరప్ వెళ్ళొచ్చిన పెద్దమనిషి దగ్గర మళ్ళీ విదేశం పేరెత్తి చూడండి. "పిల్లలు జపాన్ పోదామంటున్నారండీ, నాకే మనసొప్పడం లేదు. ఇక ఓపిక లేదు" అంటాడు. నెపం మోకాళ్ళ మీదా, వయసు మీదా, అక్కడి చలి మీదా వేస్తాడు. పాపం, మోకాళ్ళదేం తప్పు? పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామన్న బ్రోషరే అసలు ముద్దాయి.

ఆ ఏడు ఎలా తేలుతాయో చూడాలి. రోములో వీధి దాటితే వాటికన్. అర చదరపు కిలోమీటరు కూడా లేదు, అయినా లెక్కకు దేశమే. స్విట్జర్లాండ్ నుంచి ఆస్ట్రియా పోయే దారిలో లీష్టెన్‌స్టయిన్ తగులుతుంది. మొత్తం 160 చదరపు కిలోమీటర్లు. రాజధాని వాదుజ్‌లో బస్సు ఆపి, బొమ్మ రైలులాంటి బండి ఎక్కిస్తారు. ముచ్చటపడ్డవాళ్ళు డబ్బులిచ్చి పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టించుకుంటారు. ఇంకో దేశం ఖాతాలో పడింది! జర్మనీ అంటే బ్లాక్ ఫారెస్టులో కుకూ గడియారాల దుకాణం. ఆస్ట్రియా అంటే వాటెన్స్‌లో స్వరోవ్‌స్కీ వారి స్ఫటికాల కొలువు. గోథే, మొజార్ట్ తిరిగిన నేల మీద మనవాడికి బాగా గుర్తుండిపోయినవి రెండు బిల్లు కౌంటర్లు.

బ్రస్సెల్స్‌లో మూత్రం పోసే పిల్లవాడి బొమ్మను చూపిస్తారు. ఎత్తు మూరెడు మీద బెత్తెడు. వీధిలో ఉన్నది నకలు. అసలు విగ్రహం కాస్త దూరంలోని నగర మ్యూజియంలో ఉంది. నడిచి వెళ్ళొచ్చు గానీ, బస్సు దగ్గరికి రమ్మన్న వేళ అప్పటికే దాటిపోతుంటుంది. నకలుతోనే సెల్ఫీ.

ఈ పరుగులో సుఖపడేవాడు డ్రైవరొక్కడే. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు బండి నడిపితే అతనికి 45 నిమిషాల విరామం ఉండి తీరాలి. రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. అతను ఎంతసేపు నడిపిందీ, ఎంతసేపు ఆగిందీ బస్సులోని టాకోగ్రాఫ్ రాసిపెడుతుంది. వెనక సీట్లలో తెల్లవారుజామున అయిదింటికే లేచి, పెట్టెలు సర్దుకుని, షుగరు మాత్ర వేసుకున్నామో లేదో గుర్తురాక తూగుతున్న నలభై మందికి మాత్రం ఏ చట్టమూ లేదు. డ్రైవరు విరామంలోనే వాళ్ళను టాయిలెట్ వైపు తోలతారు. చాలాచోట్ల నాణెం వేస్తే గానీ గేటు తెరుచుకోదు. యూరోను రూపాయల్లోకి మార్చి చూసుకుని, మరో నూరు కిలోమీటర్లు బిగబట్టుకున్న వీరులు ప్రతి బృందంలోనూ ఉంటారు.

ఇంత చేసి, షెంజెన్ వీసాకు కట్టింది 90 యూరోలు. 2024 జూన్‌లో 80 నుంచి పెంచారు. నిరాకరిస్తే అదీ వెనక్కి రాదు.

వెనకటి యాత్ర ఇలా ఉండేది కాదు. 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయలుదేరి, కాశీ వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. రైలు లేదు, పల్లకీ బోయీలే దిక్కు. ఏ మజిలీలో నీళ్ళు మంచివో, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో రాసుకుంటూ పదిహేను నెలలు తిరిగాడు. ఇప్పటి టూరు మేనేజరు చేతికి చిక్కి ఉంటే కాశీ ఒక పూట, గయ బస్సు కిటికీలోంచి, మధ్యలో చీరల దుకాణం తప్పనిసరి. ఆ పుస్తకమే మనకు దక్కేది కాదు.

టూరు కంపెనీలను అడిగితే జనమే అలా కోరుతున్నారంటాయి. అబద్ధమనడానికి లేదు. తిరిగొచ్చినవాణ్ణి వియ్యంకుడు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని దేశాలు చూశారు బావగారూ?" అనే. వెనిస్‌లో నాలుగు రోజులున్నాను అంటే, "అయ్యో, అంతేనా?" అని జాలిపడతాడు. ఆ జాలికి భయపడి మనవాడు లక్షలు పోసి బస్సులో నిద్రపోతాడు. వచ్చాక ఫోటోల్లో ఏది ఏ ఊరో భార్యాభర్తలు వాదించుకుంటారు. చివరికి విదేశాలంటేనే విసుగని తేల్చేస్తారు.

అయ్యా, జపాన్ మానుకోకండి. అడ్వాన్సు కట్టేముందు మాత్రం ఒకే ఊళ్ళో వరసగా ఎన్ని రాత్రులు ఉంచుతారో అడగండి. కనీసం మూడు అనకపోతే బ్రోషర్ అక్కడే వదిలేసి వచ్చేయండి.