బయటికి రావద్దు, లోపల ఉడకండి

ఏప్రిల్ వచ్చిందంటే అధికారుల నుంచి ఒక హితవు వస్తుంది: మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు, ఇంట్లోనే ఉండండి. ఇది రాసిన పెద్దమనిషి కరీంనగర్ మంకమ్మతోటలోనో కోతిరాంపూర్‌లోనో పై అంతస్తులో, ఒట్టి స్లాబు కింద కిరాయికి ఉన్నవాడు కాడని ప్రమాణం చేసి చెప్పొచ్చు. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకినాక కక్కడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాటినా ఆపదు. కింద తిరిగే ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంటుంది.

ఫ్యానుకు మాత్రం స్టార్లున్నాయి. 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ లేని సీలింగ్ ఫ్యాను అమ్మకూడదు. ఫ్యాను ఎంత కరెంటు తాగుతుందో చూసి కొనుక్కోవచ్చు. దాన్ని వేలాడదీసిన గది ఎంత కాలుతుందని అడిగితే ఇంటాయన, "ఉంటే ఉండు, లేకుంటే ఇంకోటి చూస్కో" అంటాడు.

సర్కారు చేతులు కట్టుకుని కూర్చుందనడం అన్యాయం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వచ్చింది. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబడాలి. అందులో 200 హైదరాబాద్‌కు, 100 మిగతా రాష్ట్రమంతటికీ. (సూర్యుడు కూడా ఈ నిష్పత్తి పాటిస్తే బాగుండు.) ఇళ్ళ సంగతికొస్తే 600 గజాలు, ఆపైన ఉన్న స్థలంలో కడితే చల్లని కప్పు తప్పనిసరి, అంతకు తక్కువైతే మీ ఇష్టం. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కూడా 500 చదరపు మీటర్ల స్థలం నుంచే మొదలవుతుంది. లెక్క కడితే అదీ ఇంచుమించు 600 గజాలే! ఆ జాగా ఉన్నవాడికి చెట్టు నీడ ఉంటుంది, గదికో ఏసీ ఉంటుంది. నూటయాభై గజాల్లో మూడంతస్తులు లేపి, ఆరు పోర్షన్లు చేసి, పైన రేకుల గది వేసి, దానికి పెంట్‌హౌస్ అని పేరు పెట్టిన చోట "మీ ఇష్టం". కప్పుకు తెల్లరంగు వేయించే ఇష్టం ఓనరుది, కింద ఉడికే ఖర్మ కిరాయిదారుది.

ఇంగ్లండ్‌లో 2018 నుంచి ఇంధన పొదుపులో కనీస గ్రేడు రాని ఇంటిని కొత్తగా కిరాయికివ్వడానికి వీల్లేదు. వాళ్ళ బాధ చలి. మన బాధకు తప్పనిసరి గ్రేడ్లు లేవు, గృహజ్యోతి ఉంది. 2024 మార్చి నుంచి అర్హత ఉన్న కుటుంబానికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు, కిరాయిదార్లకు కూడా. మంచి పథకమే. కానీ కాలే స్లాబు కింద కూలరు రాత్రంతా తిరగాల్సిందే, 201వ యూనిట్ తగిలితే మొత్తం బిల్లు నెత్తిన పడాల్సిందే. గీత దాటకపోతే మాత్రం ఏమవుతోంది? రామగుండంలో బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నాం, దాంతో కూలరు తిప్పుతున్నాం, ఆ ఖర్చు ఖజానా నెలనెలా కడుతోంది. ఓనరు స్లాబు పుట్టించే వేడికి సర్కారు పింఛను ఇస్తోందన్నమాట. ఒక్కసారి రంగు వేయించమని ఓనరును అడగడానికి మాత్రం మొహమాటం.

ఆదిలాబాద్ అడవి దగ్గర సర్కారుకు ఈ మొహమాటం లేదు. అక్కడి మంటల మీద పైనుంచి కన్నేసి ఉంచారు. ఫిబ్రవరి నుంచి టేకాకు రాలి ఎండిపోతుంది, ఎక్కడ అంటుకున్నా ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం పసిగడుతుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్ళ నుంచి కవ్వాల్ బీట్ ఆఫీసర్ ఫోనుకు ఎస్సెమ్మెస్ వస్తుంది. ఆ ఉపగ్రహానికి కనిపించే ఒక్కో చుక్క 375 మీటర్ల గడి. ఆ గడిలో మంట ఎక్కడుందో బీట్ ఆఫీసరే నడిచి వెతకాలి. గాలితో ఆకులు ఊడ్చే బ్లోయర్లు కొన్ని వచ్చాయి గానీ, అవి అందని గుట్ట మీద ఆయుధం పచ్చికొమ్మే.

మంటకు నింద ఎవరి మీద పడాలో ముందే ఖాయం: ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చిన గిరిజనుడు, బీడీ పారేసిన పశులకాపరి. వాళ్ళు అంటించరని కాదు. బీడీలు చుట్టే తునికాకు మాట మాత్రం ఎవరూ గట్టిగా ఎత్తరు. కొత్త చిగురు రావాలంటే తునికి పొదలు కొట్టించాలి, కొట్టించాలంటే కూలి ఇవ్వాలి. అగ్గిపుల్ల కూలి అడగదు. ఆ ఆకును అమ్మేది అటవీ శాఖే.

అడవిలో వేడిని ఆకాశం నుంచి పట్టగలిగినప్పుడు కరీంనగర్ స్లాబులను వదిలేయడం దేనికి? కాలే పోర్షన్ కనబడగానే ఓనరు ఫోనుకు ఎస్సెమ్మెస్ కొట్టించండి. మర్నాడే గేటుకు కొత్త టులెట్ బోర్డు వేలాడుతుంది: "శాటిలైట్ సౌకర్యం కలదు". కిరాయి ఇంకో వెయ్యి ఎక్కువ.