మహారాజశ్రీ షార్ట్ సర్క్యూట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ షార్ట్ సర్క్యూట్ గారి దివ్యసముఖానికి, జార్జియా రాష్ట్రం, ఫోర్సైత్ కౌంటీ, కమ్మింగ్ నుంచి ఒక సాధారణ తెలుగు ప్రవాసి నమస్కరించి చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. తమరి క్షేమం కోసం ప్రత్యేకంగా వాకబు చేయనక్కర్లేదు. పేపరు జిల్లా పేజీ తెరిస్తే తమరు నిన్న రాత్రి ఎక్కడ మకాం చేశారో తెలిసిపోతుంది. పత్తి గోదాములో తమరే, చెప్పుల కొట్లో తమరే, పూరింట్లో తమరే. మంట ఇంకా ఆరదు, ఫైరింజను గొట్టం ఇంకా చుట్టరు, షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా తెలిసిందని వార్త వచ్చేస్తుంది. ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది అని అడిగిన పాపాన ఎవరూ పోరు. ఆ ప్రాథమికం దాటి పై తరగతికి వెళ్లిన కేసు అరుదు. జీతం బత్తెం లేకుండా ఇంత పెద్ద శాఖను ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న అధికారి మరొకరు లేరు. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం.

కమ్మింగ్‌లో తమరికి ఆఫీసంటూ లేకపోయినా అభిమానులకు కొదవలేదు. ఎక్కడో ఏదో స్టేడియంలో పొగ లేచిందని టీవీలో చూపిస్తే చాలు, ఆదివారం క్రికెట్ ఆపేసి మరీ మావాళ్లు మైదానం బెంచీల మీద దర్యాప్తుకు కూర్చుంటారు. ఎవరికైనా ఏమైనా అయిందా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు కారణం తేలాలి. ఇన్సూరెన్సు డబ్బుల కోసం వాళ్లే అంటించుకున్నారని ఒక బావగారు తీర్పు చెప్పేస్తారు. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ పేలిందని, ఎలక్ట్రిక్ కారు కొనాలా వద్దా అని మూడేళ్లుగా తేల్చుకోలేని తమ్ముడు అంటాడు. అబ్బాయిని చూడటానికి వచ్చిన పెద్దాయన మాత్రం వంటగది ఏ మూల కట్టారో అడిగి, ఆగ్నేయం కాదని తెలిశాక తృప్తిగా తల పంకిస్తారు. అందరూ అలిసిపోయాక ఎవరో ఒకరు "ఏముందండీ, షార్ట్ సర్క్యూటే అయ్యుంటుంది" అంటారు. సభ ఏకగ్రీవంగా ముగుస్తుంది, మళ్లీ బౌలింగు మొదలవుతుంది.

మన తర్కశాస్త్రం కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించడంతో పాఠం మొదలుపెట్టింది. పాపం, నిప్పు దగ్గరే ఆగింది. పొగ చూసి ముద్దాయి పేరు, చిరునామా, పాలసీ నంబరు దాకా చెప్పే శాస్త్రం మా కమ్మింగ్ బెంచీల మీద పుట్టింది.

మా పక్కింటి కథే ఒకటి మనవి చేస్తాను. ఇందులో తమరి ప్రమేయం లేదు కాబట్టి నిశ్చింతగా వినవచ్చు. 1993 జూలై 20, మంగళవారం. మాకు దక్షిణంగా దాదాపు నలభై మైళ్ల దూరంలో, అప్పటి అట్లాంటా-ఫుల్టన్ కౌంటీ స్టేడియంలో బ్రేవ్స్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్‌తో బేస్‌బాల్ ఆడబోతోంది. బ్యాటింగు ప్రాక్టీసు జరుగుతుండగా, పాత్రికేయులు కూర్చునే వరసలో మంట లేచింది. రేడియో వ్యాఖ్యాతల గదులు కాలిపోయాయి. ఆట దాదాపు రెండు గంటలు ఆలస్యమైంది. సరిగ్గా అదే రోజు శాన్ డియేగో నుంచి కొత్తగా తెచ్చుకున్న ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ జట్టులో చేరాడు. పక్కటెముకల నొప్పితో వచ్చిన మనిషి. మంట పుణ్యమా అని వైద్యానికి వ్యవధి దొరికింది, అసలు ఆడడనుకున్నవాడు ఆడాడు. బ్రేవ్స్ 0-5తో వెనకబడి ఉండగా పుంజుకున్నారు, మెక్‌గ్రిఫ్ హోమ్ రన్‌తో స్కోరు సమమైంది, చివరికి 8-5తో గెలిచారు. అప్పటికి శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ కంటే దాదాపు పది ఆటలు వెనకున్న జట్టు, సీజను చివరి రోజున 104 విజయాలతో, 103 గెలిచిన జెయింట్స్‌ను దాటేసింది. స్టేడియంతో పాటు జట్టూ అంటుకుందని అట్లాంటా జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలాంటి రోజున మా బెంచీ మీద ఎన్ని కారణాలు పుట్టి ఉండేవో తమరే ఊహించండి. టీవీ కంపెనీ కుట్ర, కొత్త ఆటగాడి పాదం మహిమ, జెయింట్స్ దిష్టి, అన్నీ ఒక గంటలో తయారయ్యేవి. అసలు కారణం ఇంత చప్పగా ఉంటుందని మాత్రం ఎవరూ అనుకునేవారు కాదు. స్టేడియంలోని ఒక సూట్ గదిలో వంటకాలు వేడిగా ఉంచడానికి వెలిగించిన స్టెర్నో డబ్బాను ఎవరూ చూసుకోకుండా వదిలేశారు. అంతే.

స్టెర్నో అంటే తమరికి తెలియకపోవచ్చు, తమరిది కరెంటు శాఖ గదా. మా కమ్మింగ్ తెలుగువాళ్లకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. అరచేతిలో పట్టే చిన్న రేకు డబ్బా, లోపల గడ్డకట్టిన స్పిరిటు. సీమంతమైనా, ఉగాదైనా, అబ్బాయి గ్రాడ్యుయేషనైనా, తీగ స్టాండు మీద నీళ్ల ట్రే, దాని మీద పులిహోర ట్రే, అడుగున రెండు స్టెర్నోలు. మంట నీలంగా ఉంటుంది, పగటి వెలుతురులో అసలు కనపడదు. ఆరిపోయిందనుకుని వంగి చూసినవాళ్ల కనుబొమలకే దాని సంగతి బాగా తెలుసు. పక్కనే పేపరు ప్లేట్ల దొంతర, ప్లాస్టిక్ బల్లగుడ్డ, సిల్కు చీరల కొంగులు. 1993లో ఒక స్టేడియాన్ని అంటించిన సరంజామా మొత్తం మా ప్రతి ఫంక్షన్‌లోనూ బల్ల మీద ఉంటుంది. మాకు మాత్రం భయమంతా తమరిని చూసి, స్టెర్నోను చూసి కాదు.

ఇక స్వదేశానికి వద్దాం. 2022 సంక్రాంతి, జనవరి 16 తెల్లవారుజామున, సికింద్రాబాద్ క్లబ్ తగలబడింది. 1878లో పెట్టిన క్లబ్బు. టెన్నిస్, ఈత లాంటి ఆటలకు పేరు. పండగని మూసి ఉండటంతో ప్రాణనష్టం జరగలేదు, ఆస్తినష్టం మాత్రం 20 కోట్ల దాకా అంచనా వేశారు. తెల్లారి చూస్తే పేపర్లలో తమరే, యథాప్రకారం. నేను తమరిని తప్పుపట్టడం లేదు. పాత కట్టడం, పాత తీగలు, తమరు నిజంగానే విచ్చేసి ఉండవచ్చు. నా ఫిర్యాదల్లా, వచ్చారో లేదో తేలకముందే తమరి పేరు హాజరుపట్టీలో ఎక్కించడం మీద.

ఆ హాజరుపట్టీ ఎంత ప్రమాదమో రాజ్‌కోట్ చూపించింది. 2024 మే 25న టీఆర్‌పీ గేమ్ జోన్‌లో 27 మంది కాలిపోయారు, పిల్లలు సహా. ఆ రోజు కూడా మా బెంచీ మీద ముందుగా వినపడింది తమరి పేరే. తర్వాత సీసీటీవీ బయటికొచ్చింది. వెల్డింగు రవ్వలు రాలుతున్నాయి, కింద అంటుకునే సామాను గుట్టలుగా ఉంది. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే అన్నాళ్లూ నడిచిందని తేలింది. కెమెరాయే లేకపోతే ఆ నేరం కూడా తమరి ఖాతాలో పడిపోయేదేమోనని నాకు గట్టి అనుమానం.

అయ్యా, అసలు తమరు ఎందుకు ఊరుకుంటున్నారు? తమరి మీద మోపిన నేరాన్ని రుజువు చేయడం అంత తేలికేం కాదు. మంటలో పడితే ఏ తీగకైనా పైతొడుగు కాలుతుంది, లోపలి రాగి బయటపడి ఒకదానికొకటి తగులుతుంది, కరెంటు ఉంటే అక్కడ నిప్పురవ్వ పుట్టి రాగి కరిగి పూసలా ముద్దకడుతుంది. మంట వల్ల షార్ట్ సర్క్యూట్ అయిందా, షార్ట్ సర్క్యూట్ వల్ల మంట వచ్చిందా అన్నది ఆ పూసను చూసినంత మాత్రాన తేలదు. ఆ తీగ ఏ సర్క్యూట్‌ది, బ్రేకర్ పడిందా లేదా, మంట మొదలైన చోటుకి ఆ పూస ఎంత దూరం, దాని పక్కన ముందుగా అంటుకోగల వస్తువు ఏముంది, ఇవన్నీ చూడాలి. బూడిదలో మోకాళ్ల మీద కూర్చుని చేసే పని అది. వచ్చినంతసేపూ ఫొటోగ్రాఫర్ వైపే నిలబడే పెద్దమనుషులకు కుదరదు.

ఇక్కడ అమెరికాలో మంటల దర్యాప్తుకు ఎన్‌ఎఫ్‌పీఏ 921 అని ఒక మార్గదర్శి ఉంది, 1992లో మొదటిసారి వచ్చింది. మంట కారణాన్ని నాలుగు రకాలుగా విడదీస్తూ వచ్చింది: ప్రమాదవశాత్తూ, ప్రకృతివల్ల, కావాలని పెట్టినది, తేలనిది. ఈ నాలుగోదాన్ని చూసి నాకు ముచ్చటేసింది. తేలలేదని రాస్తే ఎవరి పరువూ పోదు. ఇంకో మాట, మిగతావన్నీ కావు కాబట్టి ఇదే అయ్యుంటుందని, రుజువేమీ లేకుండా తీసివేతల లెక్కతో కారణం కట్టబెట్టడం శాస్త్రీయం కాదని 2011 కూర్పు తెగేసి చెప్పింది. ఇది మనవాళ్లు పాటించడం మొదలుపెడితే తమరికి పని సగానికి సగం తగ్గుతుంది.

పోనీ, తమరే కారణమని నిజంగా రుజువైందనుకుందాం. అప్పుడు మాత్రం తమరొక్కరే ముద్దాయి ఎలా అవుతారు? ఫ్యూజు ఊరికే పోతోందని దాని స్థానంలో లావుపాటి రాగితీగ చుట్టిన చెయ్యి ఎవరిది? ఒక్క ఏసీకి వేసిన తీగకు నాలుగు తగిలించింది ఎవరు? బిల్లులో ఒక రకం తీగ రాసి గోడలో ఇంకో రకం పెట్టిన కాంట్రాక్టరు ఎక్కడ? వాళ్లందరూ తమరి వెనక నక్కి ఉన్నారు. తమరికి ఒళ్లూ లేదు, ఊరూ లేదు, లాయరూ లేడు. నోటీసు ఇవ్వడానికి గుమ్మం లేని ముద్దాయి దొరికితే ఎవరు వదులుకుంటారు?

మా దగ్గర కూడా ఇలాంటిదే ఒకటి జరిగింది, స్టేడియం కాదులెండి, వంతెన. మేం 400 రోడ్డు మీద అట్లాంటా వెళ్లి కలిసే ఐ-85 వంతెన 2017 మార్చి 30న కింద మంట లేచి కూలిపోయింది. నిప్పు పెట్టాడని ఒక ఇల్లూవాకిలీ లేని మనిషిని పట్టుకున్నారు, అందరూ హమ్మయ్య అనుకున్నారు. తర్వాత జాతీయ రవాణా భద్రతా మండలి తన నివేదికలో, రాష్ట్ర రవాణా శాఖ ఏళ్ల తరబడి ఆ వంతెన కింద పేర్చి ఉంచిన ప్లాస్టిక్ గొట్టాలను కూడా లెక్కలోకి తెచ్చింది. నిప్పు ఎవరిదైనా, కట్టెలు సర్కారువి.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ సంగతి ఇంతకంటే బరువైనది. 1985 మే 11న వ్యాలీ పరేడ్ మైదానంలో ఫుట్‌బాల్ ఆట నడుస్తుండగా చెక్క స్టాండు అంటుకుని 56 మంది చనిపోయారు. పలకల సందుల్లోంచి ఏళ్లకేళ్లుగా జారిన చెత్త అడుగున పేరుకుపోయి ఉంది. అందులో 1968 నాటి పేపరు ముక్క కూడా దొరికింది. అంటే పదిహేడేళ్లుగా ఆ స్టాండు కింద ఎవరూ చీపురు పెట్టలేదన్నమాట. అగ్గిపుల్లో సిగరెట్టో పడి ప్రమాదవశాత్తూ జరిగిందని జస్టిస్ పాపుల్‌వెల్ విచారణ తేల్చింది. తండ్రినీ తమ్ముణ్నీ ఆ మంటలో పోగొట్టుకున్న ఒకాయన 2015లో పుస్తకం రాసి, క్లబ్బు ఛైర్మన్‌కు సంబంధించిన వ్యాపారాల్లో అంతకుముందు ఎనిమిది మంటలు లేచాయని బయటపెట్టాడు. పాపుల్‌వెల్ మాత్రం తన మాట మీదే నిలబడ్డారు. ఆ ఛైర్మన్ అప్పటికే చనిపోయాడు. నాకు ఇక్కడ ఎవరి పక్షం వహించే అర్హతా లేదు. ఆ పుస్తకం రాసినాయన అనుమానం బెంచీ మీద పుట్టినది కాదు, ఏళ్ల తరబడి పాత కాగితాలు తవ్వి తీసినది. మా బావగారికీ ఆయనకూ తేడా అక్కడుంది. ఎవరు అంటించినా అంటించకపోయినా, కింద చెత్త ఉండటం, వెనక గేట్లకు తాళాలు ఉండటం మాత్రం ఎవరూ కాదనలేదు.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకమీదట ఎవరైనా తమరి పేరు రాసుకుంటే తమరు వెంటనే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పడేయండి. ఏ తీగ, ఏ పూస, ఏ బ్రేకరు, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, అన్నీ అడగండి. జవాబు రాకపోతే పరువునష్టం దావా వేయండి, చందాలు మేం పోగుచేస్తాం. తమరి స్థానంలో కొన్నాళ్లు "తేలలేదు" గారిని ఇన్‌చార్జిగా కూర్చోబెట్టి తమరు సెలవు మీద వెళ్లండి. మా లానియర్ సరస్సు ఒడ్డున గాలి బాగుంటుంది. రండి, ఉండండి, దయచేసి ఏదీ ముట్టుకోకండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
కమ్మింగ్ తెలుగువాడు

తా.క.: వచ్చే శనివారం మా క్రికెట్ టోర్నమెంటు భోజనాలు. స్టెర్నో డబ్బాల దగ్గర ఒక మనిషి కావాలని అడిగితే ఇంతవరకూ ఒక్కరూ చెయ్యెత్తలేదు. మంటంటూ వస్తే కారణం చెప్పడానికి మాత్రం రెండు జట్లూ, అంపైర్లూ సిద్ధంగా ఉన్నారు.