మూడో నంబరు హెచ్చరిక, పద్దెనిమిది గుంతలు

వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడాలంటే సముద్రం వేడెక్కాలి, గాలి సుడి తిరగాలి, ఇంకా ఏవేవో కలిసిరావాలని వాతావరణ శాఖ వాళ్లు చెబుతారు. విశాఖలో కాపురం ఉండేవాళ్లకు అంత శాస్త్రం అక్కర్లేదు. పంద్రాగస్టుకు శనాదివారాలు అతుక్కుని, హైదరాబాద్‌లో ఒక మిత్రుడు టికెట్లు తీసుకుంటే చాలు. అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన ఇంకో మిత్రుడు ఆయనతో కలిస్తే అదే బలపడుతుంది.

ఈసారి ఇద్దరూ వచ్చారు. ఒకాయన్ని కోకాపేట అనీ, ఇంకొకాయన్ని డాలస్ అనీ పిలుచుకుందాం. ఏమీ అనుకోరు. కొత్తవాళ్లకు వాళ్లు పరిచయం చేసుకునేది కూడా అలాగే. వెంట ఇల్లాళ్లు, పెట్టెలు, పెట్టెల కంటే పొడవైన గోల్ఫ్ సంచులు. ఒక్కో సంచిలో 14 కర్రలు. అంతకు మించి ఉండకూడదని ఆ ఆటలో నిబంధనట. నిబంధన పెట్టిన మహానుభావుడు చల్లగా ఉండాలి. లేకపోతే మా హాల్లో సోఫా వరండాలోకి వెళ్లేది.

కోకాపేటకు గోల్ఫ్ పిచ్చి ఆట వల్ల పట్టింది కాదు, ఫ్లాటు వల్ల పట్టింది. బాల్కనీలోంచి గోల్ఫ్ మైదానం కనబడుతుందని బిల్డరు చదరపు అడుగుకు ఇంతని ఎక్కువ గుంజాడు. కట్టిన సొమ్ము రాబట్టుకోవాలంటే చూస్తే చాలదు, ఆడాలని ఆయన నిశ్చయించుకున్నాడు. డాలస్ లెక్క వేరు. అక్కడ ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో ఆఫీసులో తేలదట, తొమ్మిదో గుంత దగ్గర తేలుతుందట. కాబట్టి ఆయనది ఆట కాదు, జీవనాధారం.

1457లో స్కాట్లాండ్ పార్లమెంటు ఈ ఆటను నిషేధించింది. రెండో జేమ్స్ ఏలుబడిలో కుర్రాళ్లు విలువిద్య మానేసి బంతుల వెంట పడుతున్నారని. దేశ రక్షణకు ముప్పని ఒకనాడు మూసేసిన మైదానాల్లోనే ఈనాడు దేశాధినేతలు ఒప్పందాలు మాట్లాడుకుంటున్నారు. మా ఊరికి మాత్రం ఆ నిషేధం కబురు అందలేదు. ఇప్పుడు ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884లో పుట్టింది. అంటే కాంగ్రెస్ పార్టీ కంటే ఏడాది పెద్దది. తర్వాత పుట్టినది దొరల్ని సాగనంపింది, ముందు పుట్టిన ఆట దొరతనాన్ని భద్రంగా అట్టేపెట్టింది.

వచ్చిన మర్నాడే రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు అన్నారు. కోకాపేట టీవీ ముందు నుంచి లేచి వచ్చి, సముద్రం మన వీధి దాకా వస్తుందా అని అడిగాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుపానును చూసిన ఊరిది. ఆ రోజు విమానాశ్రయం పైకప్పే చెదిరిపోయింది. మూడో నంబరంటే మా వీధిలో ఆరేసిన బట్టలు కూడా తీయరు.

ఈ నంబర్ల సంగతి పైవూళ్ల వాళ్లకు అంతగా తెలియదు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. మూడంటే రేవు మీద ఈదురుగాలులు వీస్తాయి, చూసుకోండి అని. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. అన్నిటికన్నా పైనున్న పదకొండుకు గాలివానతో నిమిత్తమే లేదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. ఈ వరస పెట్టినవాడెవడో గానీ సంసారం చేసినవాడు. శ్రావణ శుక్రవారం నాడు, పూజగదిలోంచి ధూపం ఇంకా వస్తూండగా, "చెల్లెమ్మా, ఇవాళ చేపల పులుసు పెట్టించవా" అని డాలస్ అడిగినప్పుడు మా ఆవిడ ఒకటో నంబరూ ఎగరేయలేదు, మూడో నంబరూ ఎగరేయలేదు. నేరుగా పదకొండు.

వాన పడుతుంటే గోల్ఫ్ ఏమిటని నేను అడిగాను. పుట్టిందే వానల దేశంలో కదా, తడుస్తూ ఆడితేనే ఆట అని డాలస్ అన్నాడు. తడవడం అంటే ఆయన ఉద్దేశం ఏమిటో మైదానంలో అర్థమైంది. ఆయన తల మీద నలుగురు పట్టేంత గొడుగు. ఒంటి మీద నీరంటని చొక్కా, కాళ్లకు నీరంటని బూట్లు. తడిసింది కేడీ. కొట్టేది 46 గ్రాములు దాటని బంతి, మోసేది నానిన సంచి. ఎర్రమట్టి వానకు జారుతుంటే ఆ కుర్రాడు సంచి భుజానికెత్తుకుని మేకలా దిగేవాడు, మావాళ్లు వెనక ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగేవారు.

కోకాపేట కొట్టిన బంతి కాసేపు గాలిలో కనిపించింది. తర్వాత కనిపించలేదు. "గెడ్డలోకి ఎలిపోనాది బాబూ" అన్నాడు కేడీ. పోయిన బంతిని ఇదివరకు ఐదు నిమిషాలు వెతకనిచ్చేవారట, 2019 నుంచి మూడే. మూడు నిమిషాలు కాగానే మావాళ్లు చట్టానికి తలవంచి పక్కకు వచ్చేశారు. "మీరెల్లి టీ తాగండి బాబూ, నాను సూత్తాను" అని కేడీ మాత్రం మోకాల్లోతు నీళ్లలోకి దిగాడు. నిబంధనల పుస్తకం ఆటగాడి కోసం రాసింది కదా, అతని గడియారం సంగతి అందులో ఉండదు.

ఆ పుస్తకంలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. వాన నీరు నిలిచిన చోట బంతి పడితే దాన్ని తీసి, దగ్గర్లో పొడిగా ఉన్న చోటికి మార్చుకోవచ్చు. జరిమానా లేదు, దరఖాస్తు లేదు, పరిశీలన బృందం రాదు. మా లోతట్టు కాలనీల్లో ఏటా మంచాల మీద వంట చేసుకునేవాళ్లకు ఈ సౌకర్యం ఏ జీవోలోనూ లేదు. బంతిగా పుట్టినా బాగుండేది అనుకునేవాళ్లు వాళ్లలో ఉంటే వాళ్లనేమీ అనలేం.

ఇక తిండి. ఇంటి వంటకు ద్వారాలు మూసుకున్నాయి కనుక పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నెలు ఏర్పాటయ్యాయి. చేప తేవడం నా వంతు. కోకాపేట కోరిక పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు కదా అన్నాడు. ఆడవాళ్లిద్దరూ ఒకేసారి మెడలు తడుముకున్నారు. పులస గోదావరి వరదనీటికి ఎదురీదే చేప, దానికోసం యానాం వైపో రాజమండ్రి వైపో పోవాలి, ఇక్కడ కాదు అని చెబితే, ఆన్‌లైన్‌లో తెప్పిద్దామా అన్నాడు. సరే, వంజరమో చందువో తెస్తానని ఫిషింగ్ హార్బరుకు పోయాను. మరబోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. ఐసుపెట్టె ముందు కూర్చున్నావిడను తాజా చేప ఉందా అని అడిగాను. ఆవిడ నా గొడుగునీ, జేబులో పెన్నునూ చూసింది.

"ఏటకి ఎల్లొద్దని మీ పేపర్లోనే రాత్తారు. సేప తెమ్మని మల్లా మీరే వత్తారు. ఏటి బాబూ మీది?"

ఈ కాలమ్ చదివి అభిప్రాయం చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు. నిజానికి ఆ మూడో నంబరు వార్తను ఆ రోజు ఊళ్లో ఎవరి అవసరం కొద్దీ వాళ్లు చదువుకున్నారు. హోటళ్లవాళ్లు గదులు ఖాళీ అవుతాయని చదివారు. మావాళ్లు బీచ్ ఫొటోలు పోయాయని చదివారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం పాటించి, అప్పు చేసి వలలు బాగుచేసుకున్నవాడు మాత్రం అందులో ఇంకేదో చదివి ఉంటాడు. "పర్యాటకులకు నిరాశ" అని మర్నాడు పెద్దక్షరాల్లో మా పేపర్లోనే వచ్చింది.

చేప దొరక్క రొయ్యలు తెచ్చాను. చెరువు రొయ్యలని చెప్పే లోపలే డాలస్ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇదీ సముద్రం రుచంటే! డాలస్‌లో మా సూపర్‌మార్కెట్లో దొరికేవి కూడా అచ్చం ఇలాగే ఉంటాయి." ఎందుకుండవు? మన రొయ్యలకు అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికాదే, దేశంలో అందరికంటే ఎక్కువ పండించేది మనమే. ఈ వనామీ జాతిది అమెరికా ఖండాల పసిఫిక్ తీరం, పెరిగింది భీమవరం చెరువు. తినేవాడిది భీమవరం, పెరిగిన పొట్ట అమెరికాది. ఇద్దరూ మా పెరట్లో కలిశారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి ఎక్కించినప్పుడు రైతులు పడ్డ పాట్లు గుర్తు చేస్తే ఆయన చలించిపోయాడు. రైతును ఆదుకోవాలంటూ ఇంకో గరిటె వేయించుకున్నాడు.

అంతలో జోరుగా వాన. ఇగురులో నీళ్లు పడకుండా డాలస్ గోల్ఫ్ గొడుగు తెచ్చి పొయ్యి మీద పట్టాం. ఆ గొడుగు చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

అరకు వెళ్దామంటే ఘాట్‌లో కొండచరియల భయం. తడవకుండా చూడదగ్గది ఏముందని ఆడవాళ్లు అడిగితే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉందన్నాను. 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరై, మరుసటేడే మ్యూజియం కొలువులో కుదురుకున్న జలాంతర్గామి అది. మన ఐఏఎస్‌ల వరసే. వానకు తడవకూడదని జలాంతర్గామిలో దూరిన కుటుంబం మాదే అయ్యుంటుంది. బయటికొచ్చాక తాటాకు పందిరి కింద ఉల్లిపాయలు దట్టించిన మురీ మిక్చర్, బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు. ఆ ట్రిప్పులో కోకాపేట నోరు మూసుకుని తిన్నది అదొక్కసారే.

డాలస్ తన ఊరు చేరాక ఫోన్ చేశాడు. వాన లేని రోజులు చూసి చెప్పు, మళ్లీ వస్తానన్నాడు. లెక్క వేశాం. జూన్ దాటితే అల్పపీడనాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ తుపాన్ల కాలం. ఏప్రిల్ సగం నుంచి వేట ఉండదు, చేప దొరకదు. మిగిలింది జనవరి నుంచి మార్చి. అప్పుడు పిల్లలకు బడి, ఆయనకు ఆఫీసులో ముఖ్యమైన గుంతలు.

"పోనీలేరా, ఈసారి మేమే డాలస్ వచ్చి ఓ నెల్లాళ్లు ఉంటాంలే" అన్నాను.

లైను తెగలేదు. ఆయన ఊపిరి వినబడుతూనే ఉంది. మాట మాత్రం లేదు. స్పీకర్లో వింటున్న మా ఆవిడ రెండు చేతుల వేళ్లూ చాపి, చాలక నా వేలు ఒకటి అరువు తీసుకుంది.