అడిగారో, పోయింది!

ఆత్మవిశ్వాసం పెంచుకోవడం ఎలాగని నన్నెవరూ అడగలేదు. అయినా చెబుతున్నాను. అడగకుండా చెప్పగలగడమే మొదటి లక్షణం.

పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడండి. కాళ్లు ఎడంగా, చేతులు నడుము మీద, ఛాతీ ముందుకు. రెండు నిమిషాలు. ఇది నా సొంత కవిత్వం కాదు. దర్జాగా కూర్చున్నా, నిలబడినా ఒంట్లో హార్మోన్లు కూడా మారిపోయి ధైర్యం వస్తుందని 2010లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు 42 మంది మీద ప్రయోగం చేసి రాశారు. వాళ్లలో ఒకరైన ఏమీ కడీ 2012లో ఇచ్చిన ప్రసంగం విని లోకంలో సగం నడుము మీద చేతులేసుకుంది. తర్వాత ఇంకెవరో 200 మందితో చేసి చూస్తే హార్మోన్లు ఉలకలేదు, పలకలేదు. 2016లో ఆ ముగ్గురిలోనే మరొకరు, డానా కార్నీ, అది నిజమని తానిక నమ్మడం లేదని బాహాటంగా రాసేసింది. చూశారా, ఆత్మవిశ్వాసం లేకపోతే మనిషి ఎంతకు దిగజారుతుందో!

లెక్క తప్పిందని తెలిస్తే గొంతు పెంచాలి గానీ దిద్దుకుంటారా ఎవరైనా? మా అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు తప్పుగా కూడాను. సెక్రటరీగారు కాగితం మీద వేలు పెట్టి మెల్లగా చూపించారు. నేను లేచి అదే అంకె మళ్లీ చెప్పాను, ఈసారి బల్ల చరిచి. ఎవరూ నోరెత్తలేదు. దాన్ని గౌరవం అంటారు. మరుసటి నెల నుంచి లెక్కలు ఇంకొకాయనకు అప్పగించారు. దాన్ని అసూయ అంటారు.

విలియం జేమ్స్ అనే ఆయన 1890లోనే ఆత్మగౌరవాన్ని ఒక భిన్నం రూపంలో రాసిపెట్టాడు. పైన మనం సాధించింది, కింద మనం ఆశపడింది. కింది అంకె తగ్గించుకున్నా ఫలితం పెరుగుతుందన్నాడు. ఆశ తగ్గించుకోవడం మన వంశంలో లేదు కనుక నేను పై అంకెను నోటితో పెంచుతుంటాను. జిల్లా స్థాయి వ్యాసరచన పోటీలో మూడో బహుమతి వచ్చింది నాకు, చిన్నప్పుడు. ఇప్పుడది రాష్ట్ర స్థాయి, మొదటిది. రిటైరయ్యేలోపు జాతీయ స్థాయికి తీసుకెళ్లాలని ఉంది.

బయటికెళ్తే అందరూ మిమ్మల్నే చూస్తున్నారని గట్టిగా నమ్మండి. 2000లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో విద్యార్థులకు, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, జనం కూర్చున్న గదిలోకి పంపారు. సగం మందైనా గమనించి ఉంటారని వీళ్ల భయం. గమనించింది పావు వంతు. ఆ పావు వంతు సంగతేమిటి మరి? మొన్న పెళ్లిలో నా తెల్లచొక్కా మీద సాంబారు పడింది. బంతి మధ్యలో లేచి, అది మరక కాదు, డిజైనని ప్రకటించాను. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా తలెత్తి చూశారు.

పిల్లల సంగతి రెండు ముక్కల్లో. మీవాడి మార్కుల కార్డు పక్కన పక్కింటి కుర్రాడి కార్డు పెట్టి చూపించండి, చుట్టాలున్నప్పుడైతే మరీ మంచిది. మా నాన్నగారు నన్ను అలాగే పెంచారు. నేనెలా తయారయ్యానో చూస్తూనే ఉన్నారుగా.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవర్నీ ఏదీ అడక్కండి. రాయదుర్గంలో మా మేనల్లుడి గృహప్రవేశం. అమీర్‌పేట మెట్రోలో రైలొచ్చింది. “ఏమండీ, ఒక్కసారి ఎవర్నైనా అడుగుదాం, ఆగండి” అంటోంది మా ఆవిడ. తెలిసినవాడిలా ఎక్కేశాను. తలుపులు మూసుకున్నాయి. ఆవిడ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది.

ఈ రైలు రాయదుర్గానికి కాదు, నాగోలు వైపు వెళ్తోందని మూడు భాషల్లో చెబుతూనే ఉన్నారు. బేగంపేట వచ్చింది. దిగలేదు. మధ్యలో దిగితే తప్పు ఒప్పుకున్నట్టు కాదూ? ప్యారడైజ్ వచ్చింది, బిర్యానీ గుర్తొచ్చింది, అయినా దిగలేదు. తార్నాక దాటాక ఫోను. “ఇక్కడో కుర్రాణ్ని అడిగానండీ. వాడికీ తెలియదుట, కొత్తగా వచ్చాట్ట. ఇద్దరం కలిసి బోర్డు చదువుకుని ఎక్కాం. దిగబోతున్నాను. మీరెక్కడ?”

“వస్తున్నా” అన్నాను, తొణక్కుండా.

నాగోలులో దిగి, స్టేషన్ బయట కాళ్లు ఎడంగా, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడ్డాను. ఒక నిమిషం గడిచిందో లేదో సెక్యూరిటీ అబ్బాయి దగ్గరికొచ్చాడు.

“ఏం సార్, నడుం పట్టేసిందా? కుర్చీ తెమ్మంటారా?”

“తే” అన్నాను.