గోడకి మా కొండ రంగు

మొన్న మా మనవడు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "తాతా, కొత్తింటికి ఏ రంగు వేయిద్దాం?" అన్నాడు. వేలితో జరుపుతుంటే రంగులు వస్తూనే ఉన్నాయి. ఒక్క తెలుపులోనే పాతిక తెలుపులు. ఇంటి వెనక కొండ ఉంది, ముందు సీలేరు నది ఉంది. వాటి వంక ఒక్కసారి చూడకుండా రంగు ఎంచుతుంటే నాకు కడుపు మండింది.

మా రోజుల్లో రంగుని తవ్వి తెచ్చుకునేవాళ్లం. సంక్రాంతి దగ్గర పడిందంటే మా అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు గంపలు పట్టుకుని కొండవార మట్టిగోతికి పోయేవారు. ఎర్రమట్టి ఒక గంప, తెల్లమట్టి ఒక గంప. దాన్ని దంచి, జల్లించి, రాత్రంతా కుండలో నానబెట్టి, పొద్దున్నే పేడనీళ్లు కలిపి గుడ్డతో గోడకి పూసేవారు. పైన ఎరుపు. కింద మూరెడు ఎత్తున నల్లపట్టీ, గడ్డి కాల్చిన మసిలో పేడ కలిపి మెత్తింది. ఆ నలుపు సొగసు కోసమే అనుకునేవాణ్ణి. చూరు నీళ్లు నేలన పడి చిందితే గోడ మొదలంతా మరకలవుతుందని, వానాకాలం నాలుగు నెలలూ ఆ మరకని నలుపు దాచుకుంటుందని అమ్మ చెప్పేదాకా తెలియలేదు.

అమ్మ రంగు చూసే తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తడిమట్టి వేళ్లతో తీసి గోడ మీద అరచేయంత మేర రుద్దేది. ఎలా ఉందని అడిగితే "ఆరనీరా" అనేది. తడి మీద ముదురుగా ఉన్న మట్టి ఆరితే లేతబడుతుంది. పొద్దుట మంచులో ఒకసారి, ఎండెక్కాక ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి చూసేది. మరీ ముదురనిపిస్తే గుప్పెడు తెల్లమట్టి కలిపేది. మూడు వెలుగుల్లోనూ నచ్చాకే మిగతా గోడకి చెయ్యి వేసేది.

తర్వాత సీలేరు మీద కరెంటు ప్రాజెక్టు పనులొచ్చాయి. మా నాన్న కూలికి పోయేవాడు. 1967లో ఎగువ సీలేరు పవర్‌హౌస్‌లో మొదటి యూనిట్ తిరిగింది. కాలనీ క్వార్టర్లకి వెల్ల వేస్తుంటే చూసి నాన్న కూడా సున్నం తెచ్చాడు. కుండలో నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది, మమ్మల్ని దగ్గరకి రానిచ్చేవాడు కాదు. చల్లారాక వడగట్టి, తుమ్మజిగురు వేసి, చిటికెడు నీలిమందు కలిపేవాడు. లోపలి గోడలకి ఆ తెలుపు, గడప పక్కన కావి అంచు. చలికి భయపడి మా కొండల్లో కిటికీలు చిన్నవి పెట్టేవారు. కిరసనాయిలు దీపం ఒక్కటే ఉన్న గదిలో తెల్లగోడ మరో దీపమంత పని చేసేది.

సున్నం గోడకి ఊపిరాడుతుంది. లోపలి చెమ్మ బయటికి పోతుంది. కొత్తలో సున్నానికుండే ఘాటుకి బూజు కూడా త్వరగా పట్టదు. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒకసారి పట్నంలో దుకాణం వాళ్ల మాట విని పాత మట్టిగోడకి ప్లాస్టిక్ పెయింట్ వేయించాను. ఒక్క వానాకాలం గడిచింది. లోపల చేరిన చెమ్మకి బయటికి దారిలేక రంగు బుడగలు కట్టి, వేలు తగిలితే మట్టితో సహా ఊడొచ్చింది. పాడి ఆవుని అమ్మిన డబ్బు అది. ఆ బాధ నాకింకా పోలేదు.

తలుపులకి కొట్టిన పసుపు, ఎరుపు ఎనామిళ్లలో సీసం ఉండేదని కూడా తర్వాతే తెలిసింది. పెచ్చులూడితే పిల్లలు నోట్లో పెట్టుకునేవారు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమలుకి రాలేదు. ఇప్పటికైనా డబ్బా మీద ఏం రాసుందో చదివి కొనండి.

ఇప్పుడు రంగుకేం కొదవ? విశాఖ దిగువన పూడిలో ఏషియన్ పెయింట్స్ ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. దుకాణంలో మిషను ఏ రంగు అడిగితే అది కలిపిస్తుంది. కానీ ఎంచే కన్నేది? ఏడాదిలో సగం రోజులు మబ్బూ మంచూ ఉండే ఊళ్లో ఇంటికి బూడిదరంగు వేస్తే పగలే దీపం పెట్టుకోవాలి. సీతంపేట వైపు సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మల్ని ఇవాళ నగరాల్లో ఫ్రేము కట్టి వేలాడదీస్తున్నారు. ఆ బొమ్మని కన్న ఎర్రగోడని మాత్రం మనమే కూలగొట్టుకుంటున్నాం.

సిమెంటు గోడకి మట్టి పూయమని నేననను. దాని మీద మట్టి నిలవదు, దాని మందు దానికే వెయ్యాలి. నేను అడిగేది ఒక్కటే. కొనే ముందు చిన్న డబ్బా తెచ్చి గోడ మీద రెండు చేతుల మేర వెయ్యండి. ఆరనివ్వండి. మూడు పూటలా చూడండి.

మనవడికి అదే చెప్పాను. ఆదివారం వాణ్ణి మట్టిగోతికి తీసుకెళ్లాను. తుప్పలు అడ్డంగా పెరిగాయి గానీ మట్టి అలాగే ఉంది. ఓ ముద్ద తడిపి వాడి చేతిలో పెట్టాను. ఇంటికొచ్చి కొత్తగోడ మీద అరచేయంత మేర రుద్దాడు. ఎలా ఉందని వాడు అడిగితే, నా నోట అమ్మ మాటే వచ్చింది. "ఆరనీరా" అన్నాను.