రిపోర్టులన్నీ నార్మలే!

మన దగ్గర జబ్బంటే కాగితం. బందరు కోనేరు సెంటర్లో ఏ ల్యాబుకెళ్లినా సుగరు అంకె అచ్చయి వస్తేనే సుగరున్నట్టు. కాగితం మీదికెక్కని జబ్బు జబ్బే కాదు. అది కొవ్వు, లేదా గాలి. అదీ కాకపోతే పెళ్లి చేస్తే కుదిరేది.

దివిసీమలో ఓ కుర్రాడు వారం పాటు కన్ను మూయకుండా, నోరు మూయకుండా తిరిగి, ఉన్న రెండెకరాలూ తాకట్టు పెట్టి నాలుగు రొయ్యల చెరువులకు అడ్వాన్సులిచ్చేశాడనుకోండి. "మావాడు మహా చురుకు" అని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆర్నెల్లకు మంచం దిగకపోతే "ఒట్టి బద్ధకం" అంటారు. ఏ డాక్టరో ఈ రెండూ ఒకే జబ్బు, బైపోలార్ అన్నాడో, బంధుబలగమంతా గుడివాడ పోయి ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించి, తలకు స్కానింగూ తీయించి, జెండా ఎగరేసుకుంటూ తిరిగొస్తుంది: "రిపోర్టులన్నీ నార్మలే! తేడా ఆ డాక్టరుకే ఉంది."

మనల్ని మాత్రం ఏమనగలం? మహామహులకూ ఇదే యావ. ఈ జబ్బు తాలూకు జన్యువు జాడ 11వ క్రోమోజోములో దొరికిందని, అమెరికాలోని ఆమిష్ కుటుంబాలను పరీక్షించినవాళ్లు 1987లో 'నేచర్' పత్రికలో చాటారు. తరవాత, జబ్బు లేనివాళ్లుగా లెక్కేసుకున్న ఇద్దరు జబ్బుపడ్డారు. అదే వంశంలో ఇంకొందరిని కలిపి చూసేసరికి లెక్క కూలింది. 1989లో ఆ సంగతీ 'నేచరే' అచ్చేసింది. 2021 నాటికి జాడలు 64 చోట్లకు పెరిగాయి, ఒక్కోదాని వాటా బహు స్వల్పం. మానసిక వ్యాధుల అమెరికన్ గ్రంథం డీఎస్ఎం-5కి సారథ్యం వహించిన డేవిడ్ కుప్ఫరే, జబ్బును పట్టిచ్చే జీవసూచికల (బయోమార్కర్ల) కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తూనే ఉన్నామని 2013లో ఒప్పుకున్నాడు.

వెతకనివ్వండి, వెతకాల్సిందే. కానీ వాళ్లకు దొరికేదాకా ఇంట్లో మనిషి బాధను నమ్మబోమనడం ఏం న్యాయం? డాక్టరుకు కావలసిన సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది: ఎన్ని రాత్రులు నిద్ర లేదు, ఏ నెలలో ఎంత అప్పు చేశాడు, ఎప్పటినుంచి అన్నం ముట్టడం లేదు. ఇవి చెప్పమంటే మాత్రం "పరువు పోతుందండీ" అని నోటికి తాళం.

అసలు తమాషా ఏంటంటే, ఈ జబ్బులో ప్రాణం కాపాడే రక్తపరీక్ష ఒకటుంది. అది జబ్బును పట్టేది కాదు, మందును కొలిచేది. 1949లో ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం నేటికీ ప్రధాన మందే. మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తే లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండాలి. 1.5 దాటితే విషమే. రోహిణీ కార్తె ఎండలో చెమటలు కారి ఒళ్లు ఎండిపోయినా, విరేచనాలు పట్టుకున్నా, బీపీ అంటూ ఉప్పు ఉన్నట్టుండి మానేసినా, ఒళ్లు నొప్పులకు మందుల షాపులో ఐబుప్రొఫెన్ కొని మింగినా ఆ అంకె పైకెగబాకుతుంది. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలూ ఎప్పటికప్పుడు చేయిస్తుండాలి.

మన ప్యాకేజీ బోర్డుల మీద విటమిన్ డి కనిపించినంత సులువుగా లిథియం కనిపిస్తుందేమో చూడండి. ఇంకా దొరకని గుర్తు కోసం వేలు పోసే మనం, ఏళ్లనాడే దొరికిన కొలత కోసం చెయ్యి చాపం. పైగా, "ఇప్పుడు బాగానే ఉన్నాడుగా" అని మందు ఆపించేది కూడా మనమే.