టిల్ట్ నాబ్ మీద చెయ్యేదీ?

మా రోజుల్లో కాక్‌పిట్ రాడార్‌కి రంగులుండేవి కావు. చిన్న తెర, దాని మీద ఆకుపచ్చ వెలుగు, అంతే. పగటి ఎండలో ఏమీ ఆనదని రబ్బరు హుడ్ తగిలించి, అందులో మొహం దూర్చి చూసేవాళ్లం. గీత అలా తిరిగి వెళ్లిందో లేదో వెలుగు మాసిపోయేది; గీత మళ్లీ వచ్చేలోగా, వాననుంచి తిరిగొచ్చిన ఎకో ఆకారం మనసులో నిలుపుకోవాలి. కాంటూర్ స్విచ్ వేస్తే, వాన మరీ జోరుగా ఉన్న చోటు నల్లటి బొక్కగా మారేది. దాని చుట్టూ పచ్చటి అంచు ఎంత సన్నగా ఉంటే అంత భయం. చినుకు లేని చోటునుంచి కుంభవృష్టిదాకా కొద్ది దూరంలోనే మారిందంటే, లోపల గాలి ఎగదన్నుతూ, దిగదన్నుతూ ఉందన్నమాటే.

ఇప్పుడు పచ్చ, పసుపు, ఎరుపు. గాలి కుదుపుకి మెజెంటా. డాప్లర్ పుణ్యమా అని 40 మైళ్ల లోపల కుదుపునే పట్టేస్తోంది; మాకు లేని వరం, కాదనను. నా బాధల్లా ఈ కుర్ర పైలట్లు ఆ రంగుల్ని ట్రాఫిక్ లైట్లలా చదవడం మీదే. పచ్చగా ఉంటే పోవచ్చట, ఖాళీగా ఉంటే ఇంకా మేలట! రాడార్ చూసేది మేఘాన్ని కాదు బాబూ, నీటి చుక్కల్ని. దాని 3 సెంటీమీటర్ల తరంగం నీళ్లకి తగిలి గట్టిగా తిరిగొస్తుంది. పొడి వడగళ్లకీ మంచు పలుకులకీ అంతగా రాదు. అందుకే సీబీ, అంటే ఉరుముల మేఘం, 50 వేల అడుగులకి లేచినా, దాని నెత్తి తెరమీద పచ్చగానో, అసలు లేనట్టో ఉండొచ్చు.

ఆ మోసానికి మందు టిల్ట్, అంటే యాంటెన్నాని పైకీ కిందకీ వంచి నీటి చుక్కలున్న ఎత్తున చూడటం. లెక్క మాకు నోటికొచ్చు: 60 మైళ్ల దూరంలో ఒక డిగ్రీ అంటే 6 వేల అడుగులు. 35 వేలల్లో పోతున్నాం, నీరు గడ్డకట్టే ఎత్తు 17 వేలు అనుకో. 60 మైళ్ల అవతలి మేఘాన్ని ఆ ఎత్తున చూడాలంటే యాంటెన్నా 3 డిగ్రీలు దించాలి. 30 మైళ్లకొస్తే 6. మరీ దించితే నేల ఎకోతో తెరంతా నిండిపోతుంది. బెంగాల్ వేసవి గాలివాన కాలవైశాఖి వేళ కలకత్తా దిగుతున్నామంటే కో-పైలట్ చెయ్యి ఆ నాబ్ వదిలేది కాదు. ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తోంది, చాలాసార్లు బాగానే చేస్తోంది. కానీ ఆటో తీసేసి నువ్వే వెతుకు అంటే ఎందరి చెయ్యి ఆడుతుంది?

ఇంకో సంగతి, అసలు ప్రమాదం ఇదే. ముందున్న జోరువాన తరంగాన్ని తాగేస్తే, వెనకున్న రాకాసి మేఘం తెరమీద ఖాళీ దారిలా కనబడుతుంది. 1977 ఏప్రిల్ 4న అమెరికాలోని జార్జియాలో సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం ఉరుముల మేఘంలోకి దూరింది. వానా వడగళ్లూ మింగి డీసీ-9 రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. మేఘాల్ని తప్పుకోవడానికి వాడాల్సిన రాడార్‌ని వాటి మధ్య సందు వెతకడానికి వాడారని దర్యాప్తు తేల్చింది. గట్టి ఎకో ఉంటే 20 మైళ్లు చుట్టు తిరిగి పో, ఇంధనం ఖర్చైతే కానీ.

సిమ్యులేటర్‌లో మాటిమాటికీ ఇంజన్ ఆపి పరీక్ష పెడతారు. రాడార్‌కి మాత్రం ఓ పుస్తకం చేతిలో పెట్టి చదువుకోమంటారు. ఒక్క గంట ఆటో కట్టేసి, నాబ్ వాళ్ల చేతికిచ్చి కూర్చోబెట్టండి. రిటైరైన నాటినుంచీ అదే అడుగుతున్నాను.